శనివారం తలంటు

అత్తయ్యా,

మీరు పోయి ఏడాది దాటింది. ఈమధ్య మీ అబ్బాయి మీద నాకు అనుమానం పట్టుకుంది.

ఇక్కడ మస్కట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి ఆయన తలంటు ఆ రోజే పోసుకునేవారు. మగవాడికి శనివారమేనని మీరు ఉత్తరాల్లో ఎంత మొత్తుకున్నా నవ్వేసేవారు. అలాంటి మనిషి ఇప్పుడు శనివారం డ్యూటీకి ముందు, తెల్లవారకుండానే లేచి బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుంటున్నారు. తలగడకంతా నువ్వుల నూనె వాసన. రాత్రిపూట పెరుగు వద్దంటున్నారు. ఎండాకాలమని చారులో మిరియాలు తగ్గించమంటున్నారు.

మా ఇంటికి దగ్గర్లోనే, అల్ హైల్‌లో కొత్తగా ఒక మలయాళీ ఆయుర్వేద వైద్యుడు దుకాణం పెట్టాడు. మీరు చెబితే విననివి అతను చెబితే వింటున్నారని నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని అడిగితే, "నాకెవరూ చెప్పలేదే" అన్నారు. నమ్మలేదు. కూరగాయలకని బయల్దేరి ఆ వైద్యుడినే అడిగేశాను.

"తెలుగువాళ్ళెవరూ ఇంతవరకూ రాలేదు మేడమ్" అన్నాడు. అదీ నమ్మలేదు.

ఇవాళ శనివారం. బాత్‌రూమ్ తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. నడినెత్తిన అరచేత్తో నూనె అద్దుతున్న చప్పుడు. మధ్యలో ఆయన గొంతు, మెల్లగా.

"నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా."

ఆయన మాడుకు నూనె పెడుతూ మీరు అనే మాటే. తనకు తానే చెప్పుకుంటున్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి, కుంకుడుకాయలు కొట్టడం మొదలుపెట్టాను.