మలుపు దగ్గర జెండా మనిషి

ఫిబ్రవరి 2, ఆదివారం

మా అమ్మాయి సింధూరి కొత్త గేమ్ కన్సోల్ తెచ్చింది. పేరు చివర ప్రో అని ఉంది. పాతదానికి నాలుగేళ్లు, బాగానే పనిచేస్తోంది. మరి ఇది దేనికి అని అడిగాను. నా పనే అది గదా నైనా అంది. చెన్నై గిండీలో గేమ్ టెస్టింగ్ ఆఫీసులో దాని ఉద్యోగం. రోజంతా గేములు ఆడి, ఎక్కడ బొమ్మ తెగింది, ఎక్కడ ఆగింది, అన్నీ రాసి ఇవ్వాలి.

పాతదాన్ని వచ్చే నెల మొదట్లో ఆఫీసులో ఒక అమ్మాయికి ఇచ్చేస్తుందట. అంతవరకు రెండూ టీవీ కింద పక్కపక్కన ఉంటాయి.

ఆదివారాలు మేమిద్దరం ఆడే కార్ల రేసు పెట్టింది. మూడేళ్లుగా అదే ఆడుతున్నాం. కొండ రోడ్డు, సాయంకాలం వెలుతురు. చూడు నైనా, పాతదాంట్లో బొమ్మ బాగుండాలంటే సెకనుకి ముప్ఫై ఫ్రేములే, స్పీడు కావాలంటే బొమ్మ మసక, దీంట్లో రెండూ ఒకే తూరి వస్తాయి అంది. కరెంటు తీగలు చూడమంది. చెట్ల ఆకులు చూడమంది. చూశాను. అదే రోడ్డు, అదే కారు. అదే చెప్పాను.

పో నైనా, ఊరికే నన్ను ఏడిపిస్తా ఉండావు అని నవ్వింది.

నేను ఏడిపించలేదు.

ఫిబ్రవరి 3, సోమవారం, సాయంత్రం 5

ఫస్ట్ షిఫ్ట్. పద్నాలుగు లోడ్లు. ఒక్కటీ అటూ ఇటూ కాలేదు.

అంబత్తూరులో మా షెడ్డుది ఇరవై అయిదు టన్నుల క్రేన్. నేల నుంచి ముప్ఫై అడుగుల ఎత్తులో కేబిన్. పదిహేడేళ్లుగా అందులో కూర్చునేది నేనే. కింద పాల్‌రాజ్ చేతులతో సిగ్నల్ ఇస్తాడు. నేను ఎత్తుతాను, జరుపుతాను, దింపుతాను. ఆపమని ఎవరు చూపినా ఆపాలి. మిగతావాటికి ఆపరేటర్ ఒక్క మనిషి చేతులకే కట్టుబడాలి. కింద ఎంతమంది అరిచినా సరే.

నా కళ్లు బాగానే ఉన్నాయి. పోయిన ఏడాది మెడికల్‌లో చార్ట్ ఆఖరి వరస దాకా చదివాను.

ఫిబ్రవరి 5, బుధవారం

యూట్యూబ్‌లో చూశాను. రెండు కన్సోళ్లకీ పెద్ద తేడా లేదని చాలామంది అంటున్నారు. టీవీకి ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటే ఎవరికీ తెలియదట. మా సోఫా నుంచి టేపు పెట్టి కొలిచాను. ఎనిమిది అడుగుల రెండంగుళాలు.

మనసు కుదుటపడింది. నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు.

ఫిబ్రవరి 6, గురువారం

మళ్లీ చూశాను, ఒక్కడినే. తేడా లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

సింధూరి పట్టుదల మనిషి. ఇవాళ పరీక్ష పెట్టింది. రెండు కన్సోళ్ల మీదా టవల్ కప్పింది. మేము గోడవైపు తిరిగితే వైరు మార్చి, తిరగమంటుంది. అదే రోడ్డు పది సెకన్లు. ఏదో కాగితం మీద రాయాలి. కొత్తదా, పాతదా. పది సార్లు.

వాళ్లమ్మ భువనను కూడా కూర్చోబెట్టింది. భువనేశ్వరి ఎప్పుడూ గేమ్ ఆడలేదు. మునగాకు దూస్తూ కూర్చుంది.

భువనకు పదికి పది వచ్చాయి. నాకు నాలుగు.

కళ్లు మూసుకుని రాసినా అయిదు వస్తాయి గదా నైనా అని సింధూరి పడీ పడీ నవ్వింది. దీనికి ఇంత పరీక్ష దేనికే, ఒకదాంట్లో తీగలు చీమలు పాకినట్టు కదల్తా ఉండాయి, ఇంకోదాంట్లో గమ్మున ఉండాయి, కండ్లుండే ఎవురికైనా తెలస్తాది అంది భువన. అన్నాక నా వంక చూసింది. మళ్లీ ఆకు దూయడం మొదలుపెట్టింది.

సింధూరి ఇంకా వదల్లేదు. తీగలు పోనీ నైనా, మలుపు కాడ జెండా ఊపే మనిషన్నా తెలస్తాడు గదా, పాతదాంట్లో దగ్గరికి పోతేగాని కనపడడు, దీంట్లో దూరాన్నుంచే కనపడతాడు అంది.

ఏ మనిషి అన్నాను.

నవ్వడం ఆపింది. గేమ్ ఆపి, లేచి వెళ్లి, టీవీకి ఎడమ వైపున వేలు పెట్టింది. వేలు పెట్టాక కనిపించాడు. ఎర్ర చొక్కా, పసుపు జెండా. ముందు ప్రమాదం ఉందని చెప్పే మనిషి. మూడేళ్లుగా అక్కడే ఉన్నాడట. ప్రతి ఆదివారం అతని పక్క నుంచే వెళ్లాను.

టీవీ కట్టేసింది. రేపు లీవు పెట్టు నైనా, కండ్లు చూపిస్తాం అంది. వచ్చే వారం చూద్దాం అన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

కేబిన్‌లో కూర్చుని ఖాళీగా ఉన్నప్పుడు చూసుకున్నాను. ఎడమ పక్క గ్రైండింగ్ దగ్గర ముగ్గురు పనిచేస్తారు. తల తిప్పితే ఉన్నారు. తిప్పకపోతే లేరు.

ఇంకొకటి కూడా చూశాను. లోడు మెల్లగా దింపాలంటే వేళ్లతో చూపాలి. పాల్‌రాజ్ భుజం దాకా చెయ్యి మొత్తం ఊపుతున్నాడు. ఎప్పుడూ లోడుకి ఎదురుగా, కేబిన్‌కి సూటిగా నిలబడుతున్నాడు. ఎప్పటినుంచి ఇలా చేస్తున్నాడో గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం, టీ టైమ్ తర్వాత

పాల్‌రాజ్‌ని అడిగాను. వాళ్ల ఇంట్లో మాట్లాడేది తమిళం, నాతో మాత్రం తెలుగులో మాట్లాడతాడు. టీ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. దీపావళి ముందర ఒక రోజు స్టాప్ చూపించినా రెండడుగులు వచ్చేసినావన్నా, ఆ పొద్దునుంచి నీ ఎదురుగానే నిలబడతా ఉండా, ఎడమ పక్కకి ఎవుర్నీ పోనీకుండా అరుస్తా ఉండా అన్నాడు.

నాకెందుకు చెప్పలేదు అన్నాను.

చెప్తే నిన్ను దించేస్తారు, నీ సీట్లో ఎవుడో కొత్తోడు ఎక్కి లోడు తెచ్చి నా నెత్తిన పెడతాడు, వాడి రెండు కండ్లకంటే నీ సగం కన్ను నాకు మేలు అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. లోడుకి ఎదురుగా నిలబడకూడదని, లోడు కట్టిన స్లింగ్ తెగితే తప్పుకునే చోటు చూసుకుని నిలబడాలని అతనికి నేర్పింది నేను. దీపావళి పోయి మూడున్నర నెలలు. రోజుకి పది లోడ్లు అనుకున్నా వెయ్యి దాకా ఉంటాయి. అన్నిటికీ ఎదురుగా నిలబడ్డాడు.

ఫిబ్రవరి 13, గురువారం

పాల్‌రాజ్ లీవు. అక్క కూతురి నిశ్చితార్థం. సిగ్నల్ ఇవ్వడానికి శ్రీకుమార్‌ని పంపారు. ఆపరేటర్ ట్రైనీ, ఇరవై ఆరేళ్లు ఉంటాయి. రూల్ ప్రకారం పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. రూల్ ప్రకారం వేళ్లతో చూపించాడు. అంతా సరిగ్గా చేశాడు.

నాకు ఒక్కటీ కనిపించలేదు.

హుక్ పైకి తీసి కిందికి దిగాను. లాగ్‌బుక్‌లో బ్రేక్ స్లిప్ అని రాశాను. పదిహేడేళ్లలో ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి అబద్ధం.

మెయింటెనెన్స్ నుంచి చిన్నస్వామి వచ్చాడు. రిటైర్ కావడానికి ఏడాది లేదు, మోకాళ్ల నొప్పులు. నిచ్చెన మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కాడు. పైన రేకుల కింద వేడి కుమ్ముతూ ఉంటుంది. గర్డర్ మీద పడుకుని రెండు గంటలు వెతికాడు. లేని దోషాన్ని వెతికాడు. దిగి వచ్చి, ఏమీ దొరకలేదు మునిరాజూ, అయినా నువ్వు చెప్పినావంటే ఏదో ఉంటాది, బ్రేకు లైనర్లు మార్చేసినా అన్నాడు.

టీ తెచ్చి ఇచ్చాను. గ్రీజు చేతులతోనే తాగాడు. చక్కెర తక్కువైందన్నాడు.

సాయంత్రం సింధూరికి నేనే చెప్పాను, సోమవారం లీవు పెట్టానని.

ఫిబ్రవరి 17, సోమవారం

ఎగ్మోర్ కంటి ఆసుపత్రి. ఒక తెల్ల గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించమన్నారు. చేతిలో ఒక బటన్. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా నొక్కాలి. మధ్యలో చుక్కలు వచ్చాయి, నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు చూసి, మిషన్ ఆగిపోయిందా అమ్మా అని అడిగాను. లేదు సార్, నడుస్తానే ఉండాది అంది నర్సు.

గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నది. ఎడమ కన్ను ఎక్కువ, కుడి కన్ను కొంచెం నయం. పోయింది రాదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబడవచ్చు. మసక వెలుతురులో చిన్న తేడాలు తెలియకపోవడం కూడా దీనివల్లేనట. సింధూరి ఇంగ్లీషులో చాలా అడిగింది. నేను ఒక్కటే అడిగాను, ఎన్నాళ్లుగా అని. కొన్నేళ్లుగా ఉండి ఉంటుందన్నాడు డాక్టర్.

సెంట్రల్‌లో లోకల్ ఎక్కాం. పెరంబూరు దాటాక సింధూరి నా వైపు తిరిగింది. నేను తప్పు చూసీ రిపోర్టులో రాయకపోతే ఎవుడి గేమో ఆగిపోతాది నైనా, అంతే, నీది అట్ల కాదు గదా అంది.

కిటికీలోంచి చూశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

వచ్చే మంగళవారం ఏటా జరిగే మెడికల్. పాల్‌రాజ్ కూడా, భువన కూడా ఒకటే మాట అంటున్నారు. ఈ ఒక్క తూరి పాసైపో, ఆపైన చూసుకుంటాం అని.

క్రేన్ మునిరాజు ఇల్లు అంటేనే ఈ వీధిలో మన అడ్రసు చెప్తారు, ఆ పేరు తీసేస్తే నువ్వు ఎట్ల కూసుంటావో, మాతో ఎట్ల మాట్లాడతావో నాకు తెలుసు అంది భువన. ఇరవై ఆరేళ్లుగా చూస్తోంది. దానికి తెలుసు.

నాకూ తెలుసు. మా ఊరు పళ్లిపట్టు నుంచి చెన్నైకి వచ్చినప్పుడు ఇటుకలు మోశాను. తర్వాత హెల్పర్, తర్వాత లోడ్లు కట్టే రిగ్గర్. ఆ నిచ్చెన ఎక్కడానికి పదకొండేళ్లు పట్టింది. అక్కడ తప్ప నేను ఇంకెక్కడా పనికొస్తానని ఎవరూ అనలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

డి ఇ ఎఫ్ పి ఓ టి ఇ సి.

చార్ట్ ఇక్కడ లేదు. కళ్లు మూసుకుని రాశాను. ఏటా క్యాంటీన్‌లో అదే గోడకి అదే చార్ట్ తగిలిస్తారు. ముందువాళ్లు చదివేది క్యూలో వెనకవాళ్లు వింటారు. ఇన్నేళ్లు విన్నాను. ఎన్నేళ్లుగా చదవడం మానేసి అప్పజెబుతున్నానో నాకే తెలియదు. మోసం చేస్తున్నానని కూడా అనుకోలేదు. చదువుతున్నాననే అనుకున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

తొమ్మిది లోడ్లు. ఎదురుగా నిలబడొద్దని పాల్‌రాజ్‌కి చెప్పి ఎక్కాను. సరే అన్నాడు. ఎక్కి చూస్తే ఎదురుగానే ఉన్నాడు.

ఫిబ్రవరి 25, మంగళవారం

మెడికల్ అయింది.

క్యూలో నా ముందు నలుగురు. నలుగురూ ఆఖరి వరస గడగడా చదివారు. నా వంతు వచ్చింది. డాక్టరమ్మ కొత్త మనిషి, చిన్న వయసు. పైనుంచి చదవమంది. పెద్ద అక్షరాలు చదివాను. ఆఖరి వరసకి కర్ర పెట్టింది. నోట్లో అక్షరాలు తయారుగా ఉన్నాయి. నోరు తెరిస్తే అవే వచ్చేస్తాయి. అందుకని నోరు తెరవలేదు.

నేను మర్చిపోయాననుకున్నారు క్యూలోవాళ్లు. వెనక నుంచి ఎవరో మెల్లగా డి, ఇ, ఎఫ్ అని అందిస్తున్నారు. తిరిగి చూశాను. చిన్నస్వామి.

కనిపించడం లేదమ్మా అన్నాను. పై వరసలు చదివారుగా అంది ఆమె. సగం చూసి చదవలేదమ్మా, నోటికి వచ్చు అన్నాను. ఎగ్మోర్ కాగితాలు జేబులోంచి తీసి ఇచ్చాను.

మధ్యాహ్నం మేనేజర్ విజయకుమార్ పిలిచాడు. పదమూడో తేదీ బ్రేక్ సంగతి కూడా చెప్పాను. పాల్‌రాజ్ సంగతి చెప్పలేదు. క్రేన్ తాళం బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టాను. చార్ట్ మార్పించాలి అన్నాడు, నాతో కాదు, తనలో తను.

బయట చిన్నస్వామి ఉన్నాడు. అతనికీ బ్రేక్ సంగతి చెప్పాను. నన్ను ఊరికే రెండు గంటలు వేయించినావు గదరా పాపిష్టోడా అన్నాడు. అని, నా భుజం పట్టుకుని గేటు దాకా నడిచాడు. మోకాళ్ల కోసమో, నా కోసమో అడగలేదు.

పాల్‌రాజ్ నన్ను చూసి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లగానే భువన మందు సీసా తెచ్చింది. చుక్కలు వేసుకునే టైమైంది అంది.

మార్చి 2, ఆదివారం

పాత కన్సోల్ పట్టుకుపోయారు. సింధూరి ఆడదాం అంది. ఆడాను. ఓడిపోయాను.

మార్చి 5, బుధవారం

నన్ను టూల్ స్టోర్‌లో వేశారు. భోజనం తర్వాత షెడ్డులోకి వెళ్లి పాల్‌రాజ్ పక్కన నిలబడ్డాను. జరిగి చోటిచ్చాడు. పైన శ్రీకుమార్ నడుపుతున్నాడు. కేబిన్ అద్దంలో రేకుల సందుల వెలుతురు తప్ప ఏమీ లేదు. నా కళ్లే అనుకున్నాను. లోపల మనిషి నీకు కనిపిస్తాడా అని అడిగాను.

ఎప్పుడూ కనపడలేదన్నా, నువ్వుండేటప్పుడు కూడా అన్నాడు.

చెయ్యి ఎత్తాడు. లోడు ఆగింది.