స్తంభాల మీది దారం

టౌన్‌షిప్ గుమాస్తా డోనెల్లీ గారికి,

గాలివానకు తెగి మా వీధి స్తంభానికి వేలాడుతున్న దారాన్ని తీసేయమని మీకు ఫిర్యాదు రాసింది నేనే. అది వెనక్కి తీసుకుంటున్నాను.

పేట చుట్టూ స్తంభాల మీదుగా కట్టిన ఆ దారం ఎదురింటి యూదులమ్మాయి శిఫ్రా వాళ్లది. అది తెగితే, శుక్రవారం పొద్దుగుంకగానే మొదలయ్యే వాళ్ల శనివారపు విశ్రాంతి దినాన పసిబిడ్డను బండిలో బయటికి తేకూడదట. మాది కేథలిక్ ఇల్లు, నాకేం తెలుసు?

శుక్రవారం పొద్దుగుంకేలోగా, శిఫ్రా భర్త కింద నిలబడి చెబుతుంటే, పక్కింటి ఫరూక్ నిచ్చెనెక్కి కట్టాడు. నిచ్చెన పట్టుకోమని నన్ను పిలిచారు.

“గట్టిగా పట్టుకోండి పెద్దమ్మా, రంజాన్ ఉపవాసంలో ఉన్నాను.”

“పట్టుకున్నాలే. పడితే నా గులాబీ మొక్కల మీద మాత్రం పడకు!”

మర్నాడు శిఫ్రా బండి తోసుకుంటూ నా గుమ్మంలోకే వచ్చింది. “దారం లోపలున్నదంతా మాకు ఒకే ఇంటి లెక్క, ఆంటీ,” అంది.

మా ఆయన పోయాక పదేళ్లుగా ఒంటరిగా ఉంటున్నాననుకున్నాను. నా ఇల్లూ దారం లోపలే ఉంది. మీ మనిషిని పంపకండి.

ఇట్లు,
తొమ్మిదో నంబరు ఇంటావిడ