ఓడ కనబడినాకే ఒలిచినాం

నాయనా,

ఈ పొద్దు మన రేవులో ఓడ నిలిచింది. యుద్ధమని ఫ్రాన్సుకు శనక్కాయలెత్తే ఓడలు ఆగిపోయినాక, మన సరుకు కోసం వచ్చిన మొదటిది ఇదే.

తొందరపడి ముందే ఒలిచి పెట్టుకున్న షావుకార్ల గింజలన్నీ చేదెక్కిపోయినాయి. "ఓడ కంటబడేదాకా ఒక్క కాయా ఒలవగూడదు" అని నువ్వు కన్నుమూసేముందు గూడా అంటివి. "ఈ మూటలకు కాపలా కాస్తా కూర్చోవాల్నా?" అని అన్నేమో నీమీద అరిచినాడు గదా. ఇప్పుడు వాడే ఒర్లియంపేటకు పరిగెత్తి, ఒలిచే ఆడోళ్ళను పిలుచుకొచ్చినాడు.

వాళ్ళు వచ్చి కూర్చున్నారే గానీ ఎవరూ కాయ ముట్టలేదు. మొదటి గింజ నువ్వు కొరికి తలూపితేనే కదా వాళ్ళు మొదలుపెట్టేది. అందరూ నా మొహమే చూసినారు.

కొరికినా. తియ్యగా ఉంది నాయనా.

తలూపినా.