తోక తెగిన ఎలుకకు టికెట్టు

బాగేపల్లి,
9-12-2004, గురువారం.

చి॥ల॥సౌ॥ వనజమ్మకు,

నీ భర్త గురురాజ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, అంగడి క్షేమం, నీ కరివేపాకు చెట్టు క్షేమం. చింతామణిలో నువ్వు, మీ అన్న, వదిన సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఎలుక యోగక్షేమాలు కూడా రాయాలి కానీ దానికి కొంచెం ధైర్యం కావాలి. అందుకే ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను.

బీపీ మాత్రలు మరిచిపోకుండా వేసుకుంటున్నాను. పుట్టమ్మ పాలు పోస్తోంది, నీళ్లు కూడా పోస్తోంది. నువ్వు లేవని తెలిసి నీళ్ల పాలు పెంచింది. వంట నేనే చేసుకుంటున్నాను. రాగిముద్ద గడ్డలు కడుతోంది, తింటున్నాను. ఫోన్ చెయ్యకూడదా అని రాశావు. చేస్తే మీ అన్న ఎత్తుతాడు. ఆయన "ఏం బావా" అని సాగదీసేసరికే కాయిన్ బాక్సులో రూపాయి అయిపోతుంది. పైగా ఇది రూపాయిలో పట్టే సంగతి కాదు.

నువ్వు అలిగి వెళ్లిన మూడో రోజే ఎలుక బోనులో పడింది. అదే, మీ అమ్మ ఇచ్చిన పట్టుచీర కొంగు కొరికిన ఎలుక. ఎండుకొబ్బరి ముక్కకు ఆశపడి వచ్చింది. రేకు పడేటప్పుడు పాపం దాని తోక సగం తెగింది. పుల్లతో పసుపు అద్దాను. నవ్వకు. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ప్రాణి మీద చెయ్యెత్తలేదు, నేనెత్తుతానా? బోనుకు తువ్వాలు కప్పి తీసుకుపోయి వెంకటరమణప్ప అంగడి వెనక వదిలేసి వచ్చాను. ఆయనది బియ్యం వ్యాపారం కదా, దానికి తిండికి లోటుండదు.

రెండు రోజులకు మళ్లీ బోనులో అదే సగం తోక. మళ్లీ వదిలాను, మళ్లీ వచ్చింది. మన ఇల్లంటే దానికి ఎంత ప్రేమ అనుకున్నాను. తరువాత ఒకరోజు పొద్దున వాకిట్లో నీళ్లు చల్లుదామని తలుపు తీస్తే మన గోడ పక్కన వెంకటరమణప్ప నిలబడి ఉన్నాడు. చేతిలో తువ్వాలు కప్పిన బోను, తలుపు తెరిచి ఉంది, లోపల ఏమీ లేదు.

"వాకింగ్ పోతాండానప్పా" అన్నాడు.

"మంచిదప్పా, ఒంటికి మంచిది" అన్నాను. ఏమంటాను? వాళ్లదీ జీవహింస చేయని ఇల్లే.

ఆ సాయంత్రం అంగడి బెంచీ మీద పెద్ద పంచాయితీ జరిగింది. రిటైరైన మునివెంకటప్ప మేష్ట్రు సంగతి నీకు తెలుసు, మాట దొరికితే తోలు ఒలిచేదాకా వదలడు. మిట్టేమరి నుంచి అంజినప్ప కూడా ఉప్పు, బెల్లం కోసం వచ్చి కూర్చున్నాడు. జరిగింది చెప్పి, "చంపకుండా వదిలిపెట్టడమే దయ" అన్నాను.

"ఎవురి మీద దయ?" అన్నాడు మేష్ట్రు.

"ఎలుక మీద."

"మరి ఎంకటరమణప్ప మీద?"

ఎవరూ అడక్కుండానే అర కిలో పెసలు తూచాను.

"అది దయ కాదప్పా, వర్గావణె, ట్రాన్స్‌ఫరు. ముప్పై ఏండ్లు సర్కారీ స్కూల్లో చేసినాను. ఈ ఊర్లో తలకాయనొప్పిని ఇంకో ఊరికి తోలేది నాకు తెలీదా?" అన్నాడాయన.

అంజినప్ప కాలుస్తున్న బీడీ ఆర్పాడు. అప్పుడు నెమ్మదిగా అన్నాడు: "నాదొక మాట గురురాజప్పా. ఇరవై ఏండ్లుగా నీ అంగట్లోనే ఎలుకల మందు కొంటాండాను. మా చేన్లో సచ్చిన ఎలుకల పాపం నీదా, నాదా?"

"నేను అమ్మేది పొట్లం, విప్పేది నువ్వు" అన్నాను. అనేటప్పుడు చాలా బాగుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ పొట్లాలున్న అర వైపు రాత్రి అంగడి మూసేదాకా చూడలేదు నేను.

ఊరికి దూరంగా ఏదో గుట్ట దగ్గర వదిలిపెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదని తోచింది. పోయిన నెల ఆఖరి ఆదివారం, మళ్లీ ఎలుక పడ్డ బోను పట్టుకుని చేళూరు మీదుగా పోయే బస్సెక్కాను. కండక్టరు తువ్వాలు ఎత్తి చూశాడు.

"ఇది లగేజా, ప్యాసింజరా? టికెట్టు యా లెక్కన కొట్టల్ల?"

"బతికిండేదాన్ని లగేజీ అనేది తప్పప్పా" అన్నాను.

"అట్లయితే ఫుల్ టికెట్టు తీసుకో."

"దీనికి మూడేండ్లు నిండలేదు" అన్నాను.

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి వదిలేశాడు. మాటతో గెలిచానని నాకెంత సంతోషమో. ఆ సంతోషంలో చేళూరు దాటింది. దిగుదామని చూస్తే ఒక పక్క వేరుశనగ కళ్లం, ఇంకో పక్క రాగి కుప్పలు. ఎక్కడ ఆగినా అది ఒక అంజినప్ప చేనే. దిగలేకపోయాను. ఎక్కడ వదిలానన్నది కాసేపటికి చెప్తాను.

తిరిగొచ్చాక రెండు రోజులకు చలి ముదిరింది. నీలం స్వెట్టరు కోసం ట్రంకు పెట్టె తీశాను. పెళ్లైన రెండో ఏడు నువ్వు అల్లింది, చేతులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి. అది లేదు వనజా. గూడు ఉంది. నీలం ఊలు, మధ్యలో నీ చీర జరీ పోగులు, అన్నీ కలిపి ఆ ఎలుక ఎంతో పనితనంగా గూడు కట్టుకుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని అంగట్లో కూర్చున్నాను. బేరాలు వస్తే లేవలేదు. మేష్ట్రు వచ్చి చూసి, "పోనీలేప్పా, అన్నీ అనిత్యమే గదా" అన్నాడు. బెంచీ మీద నుంచి లేచిపొమ్మన్నాను. అవును, మేష్ట్రునే. రెండు రోజులు రాలేదాయన.

ఆ మాట నాదే. నువ్వు చిరిగిన కొంగు పట్టుకుని ఏడుస్తుంటే నేను చెప్పిన మాట. దుఃఖమంటే అసలు ఏమి, నాది అనుకోవడమే దుఃఖం అని ఒక గంట చెప్పాను. నువ్వు కళ్లు తుడుచుకుని, "నాకు చీర పోయిండాది. మీరు అర్థం చెప్తాండారు. ఆ అర్థం నేను కట్టుకునేదా?" అని అడిగి సంచి సర్దుకున్నావు. ఎలుక వల్ల వెళ్లావని ఊరందరికీ చెప్పాను. నా వల్ల వెళ్లావు. స్వెట్టరు పోయిన రోజు ఆ అర్థం నాకూ పనికి రాలేదు. నాకు ఏడుపు వచ్చింది, అంతే.

ఇక నీ ఉత్తరంలో చివరి ప్రశ్న. "ఇక్కడ గూడా వంటింట్లో సగం తోక ఎలుక తిరుగుతాండాది. వదిన కొత్త దుప్పటి కొరికింది. నా కర్మ నా ఎనకాలే బస్సెక్కి వచ్చిందా ఏమండీ? యాడున్నా ఇదే అయితే మన ఇంటికే వస్తాను. ఆదివారం పొద్దున బస్సుకు బయల్దేరుతా" అని రాశావు.

ఈ నాలుగు వరుసలు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నోరు మూసుకుని ఉంటే చాలు, ఆదివారం నువ్వు వచ్చి దిగుతావు. నిన్న నేనే మేష్ట్రు ఇంటికి పోయి, ఎవరి సంగతో చెప్పకుండా అడిగాను: "ఉండేది చెప్పకుండా ఊరకుంటే అది అబద్ధమా?" ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఎవురి కోసం ఊరకుండావో సూసుకో. నీ కోసమే అయితే అబద్ధమే" అన్నాడు. పాపిష్టి మేష్ట్రు.

నీ కర్మ బస్సెక్కలేదు వనజా. నేనే ఎక్కించాను.

బోనుతో చింతామణిలోనే దిగాను. నిన్ను రమ్మని అడుగుదామని మీ అన్న ఇంటి సందులోకి వచ్చాను. ఎలుకను చంకలో పెట్టుకుని అత్తవారింట్లోకి ఎట్లా వచ్చేది? వెనక గోడ దగ్గర ఆలోచిస్తూ నిలబడ్డాను. లోపల మీ అన్న గొంతు వినిపించింది. "ఆయప్పకు మాటలుండాయి గానీ మనసు లేదమ్మా" అంటున్నాడు. నాకు మండింది. బోను తలుపు ఎత్తి తూము దగ్గర పెట్టాను. దయతో కాదు, తెలిసే పెట్టాను. అది లోపలికి దూరాక నీ గొంతు వినిపించింది: "అట్లనొద్దన్నా. ఆయన మాటలు ఎక్కువే గానీ, ఎవురికీ చెడు చేసే మనిషి కాదు."

సగం తోక అప్పటికే తూములో మాయమైంది. చెయ్యి పెట్టి చూశాను, అందలేదు. ఖాళీ బోనుతో బస్టాండుదాకా నడిచాను. చూసినవాళ్లు ఎవరైనా ఉంటే పరిగెత్తానని చెప్తారు.

కాబట్టి ఆదివారం నువ్వు రావాల్సిన అవసరం లేదు. కర్మ వెంటాడలేదు, మొగుడు వెంటాడాడు. మీ వదినకు దుప్పటి కొని పంపుతాను. మీ అన్నకు నిజం చెప్పు, బోను అంగట్లోనే ఉంది, కావాలంటే పంపుతాను. ఆ ఎలుకను ఏం చెయ్యాలో ఆయనే తేల్చుకోవాలి, ఈసారి నేను సలహా ఇవ్వను. ఎలుకల మందు అమ్మడం మానలేదు. నిన్న అంజినప్పకు ఇచ్చాను. విప్పేది నువ్వు అనే మాట మాత్రం మళ్లీ అనలేదు.

కొంగు పోయిన చీర మడత పెట్టి బీరువాలో దాచాను. గూడులో ఉన్న జరీ పోగులు ఏరి కాగితంలో పొట్లం కట్టి దానిమీదే పెట్టాను. నువ్వు మళ్లీ ఏడిస్తే పక్కన కూర్చుంటాను.

ముప్పై ఏళ్లలో నిన్ను ఏదీ అడగలేదు, అన్నీ వివరించాను. ఇప్పుడు అడుగుతున్నాను, రా. ఆదివారం బస్టాండులో ఉంటాను. నువ్వు దిగకపోతే ఆ బస్సులోనే ఎక్కి చింతామణికి వస్తాను. ఈసారి ముందు వాకిలి నుంచే వస్తాను, చేతిలో బోను లేకుండా.

ఇట్లు,
చెడు చేసే మనిషి కాదని నువ్వనుకున్న
నీ భర్త
గురురాజ