తెలుగుకు ఒకటి నొక్కు నాయనా

హవల్లీ, కువైట్

ఎర్రగుట్టపేట మునిసిపల్ ఆఫీసు పెద్దలకు, కోటవీధి నఫీసా సలాములు చెప్పి రాసుకునేదేమంటే,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ క్షేమమే అనుకుంటాను, ఎందుకంటే మీ ఆఫీసు కొళాయిలో నీళ్ళొస్తాయి. మా కోటవీధిలో రావు. మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో పక్క వీధి నుంచి బిందె మోస్తోంది. ఫిర్యాదు చేద్దామని మీ నంబరుకు ఫోన్ చేస్తే, ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో ఏదో చెప్పి, ఏదో నొక్కమని ఊరుకుంటుందంట. "నేను నీళ్ళు అడిగితే ఆ పాప దండకం చదువుతాదే! అన్ని తిట్లు తిట్టినా దానికి కోపమన్నా రాలే" అంది అమ్మ. అది మనిషి కాదమ్మా, మిషను అని చెప్పినా నమ్మలేదు.

మీకు రాయాలన్న ధైర్యం నాకు నేను పనిచేసే ఇంట్లో వచ్చింది. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటాం. మా మామా పేరు గ్వెన్, బడిలో పాటల టీచరు. ఆమెది బ్రిటన్‌లో వేల్స్ అనే చిన్న దేశం. మొన్న వంటింట్లో నిలబడి, నవ్వుకుంటూ వాళ్ళ వెల్ష్ భాషలో ఫోన్ మాట్లాడుతోంది. వాళ్ళమ్మతో అనుకున్నాను. కాదంట, వాళ్ళ ఊరి మునిసిపాలిటీతోనంట, చెత్తబండి గురించి! ఇంగ్లీషు గడగడా వచ్చినా సొంతూరి ఆఫీసుతో సొంత భాషలోనే మాట్లాడుతుందంట. ఒకప్పుడు బడిలో ఆ భాష పలికితే శిక్షగా పిల్లల మెడలో చెక్క వేలాడగట్టేవాళ్ళంట. ఇప్పుడు ఆఫీసులే ఆ భాషలో పలుకుతున్నాయంటే పోట్లాడి తెచ్చుకున్నారంట.

అడగందే అమ్మయినా పెట్టదు. అందుకే అడుగుతున్నాను. వేల్స్ ఆఫీసు ఫోన్‌లో ఉన్నట్టే మన ఆఫీసు ఫోన్‌లోనూ పెట్టండి.

ఇట్లు,
నఫీసా

తా.క.: కాగితం మీద రాస్తేనే ఆఫీసులో ఫైలు పుడుతుందని, ఊరికి వస్తున్న మెహరాజ్ అన్న చేతికిచ్చి పంపుతున్నాను. ఇక్కడే షువైఖ్ పేటలో మెకానిక్. లారీ ఇంజను మొత్తం విప్పి బిగిస్తాడు గానీ, చెప్పిన పని మాత్రం సగమే గుర్తుంటుంది.

పురపాలక సంఘ కార్యాలయం, ఎర్రగుట్టపేట

శ్రీమతి నఫీసా గారికి,

ఫోన్ సేవలో వెల్ష్ భాష ప్రవేశపెట్టవలసినదిగా తమరు చేసిన వినతి అందినది. కమిషనర్ గారి ఆదేశం మేరకు సిబ్బందిని ఇంటింటికీ పంపి విచారించాము. ఈ పట్టణంలో వెల్ష్ మాట్లాడువారు ఎవరూ లేరని నివేదిక వచ్చినది. కోటవీధిలో ఒక పెద్దావిడ మాత్రం నీళ్ళ గురించి కొన్ని అభిప్రాయాలు తెలిపారు. అవి ఫైలులో రాయదగినవి కావు. కావున తమ వినతిని తిరస్కరించడమైనది.

మరొక విషయం. తమ లేఖతోపాటు మెహరాజ్ అను వ్యక్తి ఒక అట్టపెట్టె ఇచ్చి వెళ్ళెను. విప్పి చూడగా పాలపొడి, బాదంపప్పు, నొప్పుల నూనె ఉన్నవి. పెట్టె మీద ఇంగ్లీషులో రజియా బీ అని ఉన్నది. ఆ పేరుగల ఉద్యోగి మా కార్యాలయంలో లేరు. బాదంపప్పులతో ప్రభుత్వోద్యోగులను లోబరుచుకొనజూచుట నేరము. పెట్టెకు సీలు వేసి స్టోర్ రూములో ఉంచడమైనది.

ఇట్లు,
వెంకటసత్యనారాయణ, సీనియర్ అసిస్టెంట్

తా.క.: బాదంపప్పు పొట్లం విమానంలోనే చిరిగినట్లున్నది. మేము బాధ్యులము కాము.

హవల్లీ, కువైట్

వెంకటసత్యనారాయణ సారుకు నఫీసా సలాములు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే సార్. నేనడిగింది తెలుగు! వెల్ష్ వాళ్ళకు వెల్ష్ ఎట్లనో, మనకు తెలుగు అట్ల అన్నాను. ఎర్రగుట్టపేటలో వెల్ష్ ఎవరికి కావాలి, మేకలకా?

ఆ పెట్టె లంచం కాదు. ఇక్కడి నుంచి ఎవరు ఊరికి పోతున్నా, వాళ్ళ సామాన్లలో కాస్త చోటడిగి ఇంటికి పెట్టె పంపుకోవడం మా అందరి అలవాటు. ఉత్తరం ఆఫీసులో, పెట్టె మా ఇంట్లో ఇవ్వమంటే, మెహరాజ్ అన్న రెండూ మీకే ఇచ్చేసి బిర్యానీకి పోయాడు. రజియా బీ మా అమ్మ. ఆ నూనె ఆమె మోకాళ్ళకు. అమ్మ మీ దగ్గరికి వస్తుంది, దయచేసి పెట్టె ఇచ్చి పంపండి.

మీ జవాబు చదివి చెబితే మామా నవ్వలేక కుర్చీలో కూలబడింది. సెలవుల్లో నాతోపాటు ఊరికి వస్తుందంట. మీ ఆఫీసు ఏ భాషలో పలుకుతుందో చెవులారా వింటుందంట.

ఇట్లు,
నఫీసా

తా.క.: విమానంలో చిరిగిన పొట్లంలోని బాదంపప్పు పెట్టెలో పడుతుంది సార్, కడుపులో పడదు.

పురపాలక సంఘ కార్యాలయం, ఎర్రగుట్టపేట

గౌరవనీయులైన నఫీసా గారికి,

మన ఫోన్ సేవను తనిఖీ చేయడానికి వేల్స్ ప్రభుత్వ ప్రతినిధి విచ్చేస్తున్నారని తెలిసినప్పటి నుంచి కమిషనర్ గారికి అన్నం సహించడం లేదు. గోడలకు రంగులు వేయిస్తున్నాం. మేడమ్ గారికి ఇబ్బంది కలగకూడదని స్వాగతం బ్యానరు మొత్తం ఇంగ్లీషులో కొట్టించాం. వారు శాకాహారులో కాదో తెలుపగలరు.

పెట్టె విషయం. సీలు పడిన వస్తువు విడిపించాలంటే ఫోన్‌లో దరఖాస్తు నమోదు చేసుకుని నంబరు తెచ్చుకోవాలి. అది నిబంధన. ఫోన్‌లోని ఇంగ్లీషు మీ అమ్మగారికి అర్థం కాలేదు. నంబరు రాలేదు. పెట్టె లేకుండా కదలనని ఆవిడ రోజూ వచ్చి నా బల్ల ఎదుట బెంచీ మీద కూర్చుంటున్నారు.

ఇట్లు విధేయుడు,
వెంకటసత్యనారాయణ

తా.క.: ఊరికే కూర్చోవడం లేదండి. లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతున్నారు: "నీళ్ళకయితే ఆ కిటికీ కాడికి పో నాయనా. బిడ్డ పుట్టిన కాయితానికయితే ఆ అద్దాలాయన్ని పట్టుకో. కాఫీకి లేసినాడంటే మళ్ళ దొరకడు." ఆ అద్దాలాయన నేనేనండి.

హవల్లీ, కువైట్

సత్యనారాయణ సారుకు సలాములు.

మామా ప్రభుత్వమూ కాదు, ప్రతినిధీ కాదు. పిల్లలకు పాటలు నేర్పే టీచరమ్మ. ఆ బ్యానరు దించేయండి. ఆమెకు బిర్యానీ మా ఇంట్లో పెడతాం.

ఇప్పుడు కోపంతో రాస్తున్నాను. ఇక్కడికొచ్చి అరబ్బీ నేర్చుకున్నాను. బజారుకు పోవడానికి హిందీ నేర్చుకున్నాను. మామాతో మాట్లాడటానికి ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఇక్కడ ఉండటానికి పర్మిట్ ఇచ్చే ఇఖామా ఆఫీసులో అరబ్బీలోనే జవాబు చెబుతాను. వాళ్ళ దేశం, వాళ్ళ భాష, అది న్యాయం. మరి మా అమ్మ ఏ దేశం పోయింది సార్? పుట్టిన ఊర్లో బిందెడు నీళ్ళు అడగడానికి పరాయి భాష కావాలా? ఆమెకు ఇంగ్లీషు రాకపోవడం తక్కువతనం కాదు. అంత తెలుగు వచ్చిన మనిషికి మీ ఫోన్‌లో చోటు లేకపోవడమే తక్కువతనం. నాకు చెప్పాలనిపించింది చెప్పాను. ఖలాస్.

ఇట్లు,
రజియా బీ కూతురు నఫీసా

తా.క.: అమ్మ కాళ్ళు చాపుకోవడానికి ఇంకో కుర్చీ వేయించండి. తిన్న బాదంపప్పుకు చెల్లు.

ఎర్రగుట్టపేట

అమ్మా నఫీసా,

నీ ఉత్తరం కమిషనర్ గారు సమావేశంలో గట్టిగా చదివి వినిపించారు. నాకైతే మా అమ్మ గుర్తొచ్చిందమ్మా. మా భీమవరంలో బ్యాంకుకి వెళ్తే, అక్కడి ఇంగ్లీషు కాగితాలకు భయపడి ఆవిడ నా చొక్కా పట్టుకుని వెనకాల నిలబడేది.

బ్యానరు దించేశాం. నిబంధన పక్కన పెట్టి, పెట్టె నేనే మోసుకెళ్ళి మీ ఇంట్లో ఇచ్చాను. ఫోన్‌లో తెలుగు పెట్టించాం. ముందు పట్నం నుంచి ఒకావిడ గొంతు తెప్పించాం. ఆవిడ "సమస్యా పరిష్కార నిమిత్తం" అనగానే జనం ఫోన్లు పెట్టేశారు. తర్వాత ఊళ్ళోనే ఒకరి చేత చెప్పించాం. ఇప్పుడు ఫోన్ మోగని పూట లేదు. వీధివీధికీ ఫిర్యాదులే! మీ కోటవీధి కొళాయికి కూడా నీళ్ళొస్తున్నాయి.

ఒక్కటే ఇబ్బంది. కువైట్ నంబర్లు రెండింటి నుంచి రోజూ ఫోన్ వస్తోంది. ఏ వీధో చెప్పరు, కష్టమేమిటో చెప్పరు. మళ్ళీ వినడానికి తొమ్మిది మాత్రం నొక్కుతూనే ఉంటారు. వాళ్ళెవరో, వాళ్ళ ఫిర్యాదేమిటో కనుక్కుని రాయమ్మా.

ఇట్లు నీ శ్రేయోభిలాషి,
వెంకటసత్యనారాయణ

తా.క.: బాదంపప్పు నేనే తిన్నాను. చాలా బాగుంది.

హవల్లీ, కువైట్

సత్యనారాయణ సారుకు వేలవేల సలాములు.

ఒక నంబరు నాది సార్. తెలుగు నిజంగా పెట్టారో, మళ్ళీ ఫైలు కథలు చెబుతున్నారో చూద్దామని, మొదటిసారి మామాను పక్కన పెట్టుకుని చేశాను. "ఎర్రగుట్టపేట మునిసిపాలిటీ. తెలుగుకు ఒకటి నొక్కు నాయనా. ఇంగ్లీషు కావాలన్నా ఉంది, రెండు నొక్కు, మేమేం అనుకోం. నిదానంగా నొక్కు, నిన్నెవరూ తరమడంల్యా" అని వినిపించింది. చేతిలో గిన్నె సింకులో పడిపోయింది. మా అమ్మ! ఊరందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియకుండా దాచారు కదా మీరూ అమ్మా కలిసి!

నాతో మాట్లాడేటప్పుడు అమ్మ గొంతులో నొప్పులుంటాయి, నా మీద బెంగ ఉంటుంది. మీ ఫోన్‌లో ఆ గొంతుకు బెంగ లేదు. ఊరంతటికీ దారి చెప్పే గొంతది. ఇంగ్లీషు మిషను ముందు ఓడిపోయి వచ్చిన మా అమ్మ మాటే ఇప్పుడు సర్కారు మాట. నా ఛాతీ ఈ వంటింట్లో పట్టడం లేదు సార్. మామా కళ్ళు తుడుచుకుంటూ, "మా ఊరి ఆఫీసు మా భాషలో పలుకుతుంది గానీ, మా అమ్మ గొంతుతో పలకదు కదా" అంది.

కాబట్టి ఫిర్యాదేమీ లేదు. తొమ్మిది నొక్కుతూనే ఉంటాను, విసుక్కోకండి.

ఇట్లు,
మీ ఆఫీసు ఫోన్ గారి కూతురు
నఫీసా

తా.క.: రెండో నంబరు మామాది. మీ ఫోన్ విని తెలుగు నేర్చుకుంటోంది. నిన్న మా బిల్డింగు చూసుకునే ఖాసిం వలి చెత్త తీయలేదు. రాయచోటి మనిషే. మామా నేరుగా కిందికి దిగిపోయి, "నిదానంగా నొక్కు నాయనా, నిన్నెవరూ తరమడంల్యా" అంది. ఆ మనిషి చెత్తతోపాటు మెట్లు కూడా కడిగేశాడు.