నాలుగో డబ్బా ఆగే చోటు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు మెట్రోలు వదిలేశాను, కాలు పెట్టే సందు లేదు. అవే మూడు డబ్బాలు. డిపోలో నువ్వు తలుపులు బాగుచేసిన బండ్లే ఇంకా తిరుగుతున్నాయి. చప్పుడు చేసే తలుపును నువ్వు వదిలేవాడివి కాదు.

మెట్రో కొత్తలో నన్ను ప్లాట్‌ఫాం మీద మూడో డబ్బా ఆగే చోటు దాటించి, ఖాళీ జాగాలోకి నడిపించావు. "ఆరు డబ్బాలకు కట్టిండ్రు చెల్లె. నాలుగోది గీడ ఆగుతది. జర ఓపిక పట్టు" అన్నావు. ఎన్నేళ్లు పట్టమంటావు? ఒళ్లు మండి, ఇవాళ వెళ్లి అక్కడే నిలబడ్డాను.

కోచింగ్ పుస్తకాలు మోసుకుంటూ ఒక అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. ఊరికి కొత్త.

"ఆంటీ, ట్రైన్ ఇక్కడ ఆగుద్దా?"

ఆగదని తెలిసీ "ఆగుతది" అన్నాను. నీ మీద కోపంతోనో, నీ మాట పోనివ్వలేకో.

బండి ఎప్పటిలాగే మాకు దూరంగా ఆగిపోయింది. గార్డు విజిల్ ఊదాడు.

"అక్కా, గాడ ఆగదు! ఇటు ఉరుకుండ్రి!"

ఇద్దరం ఉరికాం. ఆ పిల్లను తోసి లోపలికి ఎక్కించాను. నా ముఖం మీదే తలుపు మూసుకుంది.

చప్పుడే లేదన్నా.