లూర్దులో నేను అడిగినది

కిల్‌మొరన్,
జూన్ 4, 1961.

అమ్మా డింప్నా,

అంత దూరాన, ఆఫ్రికా ఎండల్లో మరియమాత చల్లని చూపు నీ మీద ఉండాలని కోరుకుంటూ నాన్న రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. వానలు వదలడం లేదు. మీ ఆసుపత్రిలో పిల్లలకు జ్వరాలు తగ్గాయా?

అమ్మ సరిగ్గా తింటోందా అని అడిగావు. తింటోంది. మెదిపిన బంగాళాదుంపలో వెన్న తక్కువైతే మొహం తిప్పేసుకుంటోంది. సాయంత్రం జపమాల చెబుతోందా అన్నావు, అదీ మానలేదు. నేను చెబుతాను, ఆమె పూసలు జరుపుతుంది. ఇక నీ మూడో ప్రశ్న: "లూర్దు అద్భుతం గురించి ఊరంతా నాకు రాసింది, మీరు మాత్రం ఒక్క ముక్క రాయలేదేం నాన్నా?" దానికి జవాబు రాయలేకే ఇన్నాళ్లూ ఆగాను.

అమ్మకు కుడిపక్క పడిపోయి, మాట పోయి మూడేళ్లయింది కదా. మొన్న వసంతంలో మన విచారణ గుడి వాళ్లు మమ్మల్ని లూర్దు యాత్రకు పంపుతామంటే నేను వద్దన్నాను. ఒకరి సాయం తీసుకోవడం నాకు చేతకాదు. పక్కింటి ఫిలోమినా గుమ్మంలో నిలబడి దులిపేసింది.

"ఇన్నేళ్లలో మా ఇంటి పాలచుక్క ముట్టలేదు నువ్వు. నీ పొగరు నీ దగ్గరే పెట్టుకో కోల్మన్, హనోరా మీద రుద్దకు!"

వెళ్లాం. దారిలో రైల్లో అమ్మ పక్క పాడుచేసుకుంది. అంతమంది ముందు నేనే శుభ్రం చేశాను. ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆ ఏడుపుకు శబ్దం కూడా లేదమ్మా.

మర్నాడు మరియమాత కనిపించిన గుహ ముందు మోకరించాను. చుట్టూ అందరూ స్వస్థత అడుగుతున్నారు. కన్యాస్త్రీవైన నీకు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాస్తాను. నేను స్వస్థత అడగలేదు. "ప్రభువా, ఇక చాలు, హనోరాను తీసుకుపో" అన్నాను.

ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజు సూపు తాగిస్తుంటే అమ్మ "ఉప్పు" అంది. మూడేళ్లలో మొదటి మాట! తర్వాత నా పేరు, నీ పేరు, ఒక్కొక్కటిగా వచ్చాయి. జనం వచ్చి ఆమె చెయ్యి తాకి వెళుతున్నారు. "విశ్వాసమంటే కోల్మన్‌ది" అంటున్నారు. వచ్చే ఆదివారం గుడిలో పీఠం ముందు నిలబడి సాక్ష్యం చెప్పమన్నారు ఫాదర్ టియెర్నన్.

నాకేమీ అంతుపట్టడం లేదు. దేవుడు నా మాట వినలేదా? విని కాదన్నాడా? చావు అడిగినవాడికి ఇంత దయ ఎందుకు చూపించాడు? పాపసంకీర్తనంలో నా పాపాలు ఒప్పుకుంటూ ఫాదర్‌తో అంతా చెప్పేశాను. ఆయన ఒక్కటే అడిగారు.

"ఆవిడ బాధ చూడలేక అడిగావా, నీ బరువు దింపుకోవాలని అడిగావా?"

"రెండూ కలిసిపోయాయి ఫాదర్. విడదీయలేకపోతున్నాను."

"నాకూ తెలియడం లేదు కోల్మన్. దేవుడు క్షమించాడు, అది మాత్రం తెలుసు. ఇంటికెళ్లి ఆవిడతో కూడా చెప్పు."

నిన్న మధ్యాహ్నం కిటికీ దగ్గర అమ్మకు తల దువ్వుతూ చెప్పాను. ఆమె మొహం నాకు కనబడకూడదని వెనక నిలబడ్డాను.  చెప్పడం అయ్యాక కూడా దువ్వుతూనే ఉన్నాను.

"నే...నూ" అంది.

"ఏంటే?"

"నేనూ. అదే. అడిగా."

దువ్వెన కింద పడింది. ముందుకొచ్చి చూస్తే సగం మూతితో నవ్వుతోంది.

"ఇద్దరం... అడిగినా... ఇవ్వలేదు" అంటూ ఇంకా నవ్వింది. నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని పసివాడిలా ఏడ్చాను. బతికున్న ఆ ఎడమచెయ్యి నా నెత్తిమీద ఉంచింది.

ఆదివారం తననూ గుడికి తీసుకెళ్లమంటోంది. తీసుకెళతాను. మేము ఏం అడిగామో అందరి ముందూ చెబుతాను. ఆయన ఎందుకిలా చేశాడో మాత్రం నాకు తెలియదని చెబుతాను. వాళ్లు ఏమనుకుంటారో మరి.

మా కోసం ప్రార్థించు తల్లీ. ఏమని ప్రార్థించాలో మాత్రం నన్నడగకు. అడగడం మా ఇద్దరికీ చేతకాదని తేలిపోయింది.

ఇట్లు,
నిన్ను తలుచుకోని పూట లేని
మీ నాన్న,
కోల్మన్